ఆదివారం చల్లబడే మండలం

ఉద్యోగ విరమణకు ఇంకా పది నెలలు ఉందనగా, ఒక మార్చి మొదటి వారంలో, నన్ను కోదాడకూ మిర్యాలగూడకూ నడుమ ఉన్న ఒక మండలానికి సహాయ గణాంక అధికారిగా వేశారు. మండలం పేరు చెప్పను, అప్పటివాళ్లు ఇంకా సర్వీసులో ఉన్నారు. ఇల్లు సూర్యాపేటలో, పొద్దున్నే ఆరున్నరకు బస్సు. సహాయ గణాంక అధికారి ఏం చేస్తాడో చాలామందికి తెలియదు. పంట ఎంత పండింది, చింతపండు ధర ఎంత, వాన ఎంత కురిసింది అని లెక్కగట్టి పైకి పంపేవాడు. ఉదయం ఎనిమిదిన్నరకు వానకొలత పాత్ర దగ్గర నిలబడాలి. వాన పడకపోయినా నిలబడాలి, పడలేదని రాయాలి. ముప్పై రెండేళ్లలో నేను రాసిన సున్నాలు వరసగా పేరిస్తే సూర్యాపేట నుంచి చివ్వెంల దాకా పోతాయి.

ఎండ సంగతి మాత్రం యంత్రం చూసుకునేది. కార్యాలయం ఆవరణలో ఒక ఇనుప స్తంభం, దాని మీద తెల్లటి పళ్లేలు బోర్లించినట్టు ఒక గూడు, గూట్లో ఉష్ణోగ్రత కొలిచే పరికరం. గంటగంటకూ అంకెను తనంతట తానే హైదరాబాదుకు పంపుతుంది. దాన్ని గోడకూ సిమెంటు నేలకూ దూరంగా ఖాళీ జాగాలో నిలపాలని నియమం. నిలిపినప్పుడు అది ఖాళీ జాగానే. తర్వాత తహసీల్దారు గారికి కొత్త గది కట్టారు, గోడ వచ్చి యంత్రం పక్కన నిలబడింది.

ఏప్రిల్‌లో మా మండలం రాష్ట్రంలోనే మొదటి స్థానం కొట్టింది, ఎండలో. మొదటి రోజు పరేషానయ్యాం. మూడో రోజుకు అలవాటైంది. వారం దాటేసరికి, చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, గర్వం మొదలైంది. పొద్దున్నే పేపరు తెరిచి మన పేరు పైనే ఉందా అని చూసుకునేవాళ్లం. పక్క మండలంలో నా హోదాలోనే ఉన్న ఒకాయన ఫోన్ చేసి, "అన్నా, మా దగ్గర ఎండ ఏమన్న తక్కువనా? ఫారం కోళ్లు సచ్చిపోతున్నయి. అయినా మాకు రెండో నంబరే ఇస్తున్నరు," అని వాపోయాడు. టీవీ వాళ్లు వచ్చి మా గేటు ముందు సిమెంటు మీద గుడ్డు పగలగొట్టారు. ఎంతసేపు చూసినా అది ఉడకలేదు. ఎదురు హోటల్లో ఆమ్లెట్ వేయించుకొచ్చి నేల మీద పెట్టి ఫొటోలు తీసుకున్నారు. ఉల్లిగడ్డ వద్దని మాత్రం ముందే చెప్పారట.

ఈ ఘనత వల్ల ఒక మంచి కూడా జరిగింది. ఉపాధి పని కింద చెరువు పూడిక తీసే కూలీలు మధ్యాహ్నం పన్నెండు దాకా కొలత ప్రకారం మట్టి తవ్వాలి. ఎండ ఫలానా హద్దు దాటిన మండలాల్లో తొమ్మిదింటికే పని ఆపవచ్చనీ, కొలత కూడా తగ్గిస్తామనీ ఉత్తర్వు వచ్చింది. మా చుట్టుపక్కల ఆ హద్దు దాటింది మేమొక్కరమే. మా దగ్గర చెరువులో పనిచేసే ఆడవాళ్లకు మేటు, అంటే హాజరు వేసి పని చూసుకునే మనిషి, సైదమ్మ. అంతకు ముందు ఏడు ఆమె తోటికోడలు పదకొండింటి ఎండలో మట్టితట్ట నెత్తి మీద ఉండగానే కూలిపోయింది. కోదాడ దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది. ఉత్తర్వు చదివి వినిపించిన రోజు సైదమ్మ నాకు దండం పెట్టింది, ఎండను నేనే పెంచినట్టు.

నెలాఖరు పట్టిక వేస్తుంటే ఒక వింత కనబడింది. ఆదివారాలు మా మండలం చల్లబడుతోంది, కోదాడతో సమానంగా. రెండో శనివారం కూడా అంతే. పండుగ సెలవు నాడు సైతం! ఎండ ప్రభుత్వ సెలవులు పాటించడం నా సర్వీసులో ఎన్నడూ చూడలేదు. మర్నాడు మధ్యాహ్నం వెళ్లి యంత్రం పక్కన నిలబడ్డాను. వీపు మీద వేడిగాలి భగ్గున తగిలింది. తిరిగి చూస్తే గోడకు తహసీల్దారు గారి ఏసీ బయటి పెట్టె. గదిలోని వేడినంతా తోడి యంత్రం ముఖాన ఊదుతోంది. సారు గదిలో చల్లబడినకొద్దీ మండలం మండిపోతోంది.

యంత్రం చూపే అంకె తప్పు, దాన్ని వేరే చోటికి మార్చాలి అని నోటు రాసి ఫైలు పెట్టాను. సాయంత్రానికి అది మార్జిన్‌లో "మాట్లాడండి" అన్న ఒక్క మాటతో తిరిగొచ్చింది. ఆఫీసు భాషలో ఆ మాటకు బరువెక్కువ. కింది ఉద్యోగి లోపలికి వెళ్లి ముఖాముఖి వివరించేదాకా ఆ ఫైలు ఇంచు కూడా కదలదు. అట్లాంటి ఫైలొస్తే గంటలోపు వెళ్లి నిలబడడం నా అలవాటు. ఆ వారం సారుకు తీరిక లేదు. రాష్ట్రంలోకెల్లా వేడి మండలమని పైవాళ్లు జాలిపడి మాకు రెండో ఏసీ మంజూరు చేశారు, ఆ హడావిడిలో ఉన్నారు. దాని పెట్టెనైనా అవతలి గోడకు బిగించమని మిర్యాలగూడ నుంచి వచ్చిన మెకానిక్కును బతిమాలాను. "పైపు సాలదు సారూ," అని మొదటి దాని పక్కనే బిగించి పోయాడు. మర్నాడు మా రికార్డును మేమే బద్దలు కొట్టాం.

అంతటితో ఆగితే బాగుండేది. భూతాపం మీద అవగాహన సదస్సు కూడా మా దగ్గరే పెట్టారు. షామియానా, నాలుగు పెద్ద కూలర్లు, వాటికి జనరేటరు. కరెంటు పొదుపు గురించి చెప్పే వక్త జనరేటరు చప్పుడుకు మించి అరవాల్సి వచ్చింది. ప్లాస్టిక్ వాడొద్దన్న కరపత్రాలను ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి పంచారు, మే నెలలో అవి తడవకుండా! బాధ్యతగా బతుకుతామని చివర అందరం ప్రతిజ్ఞ చేశాం. నేనూ చేశాను, కూలరుకు ఎదురుగా నిలబడి.

సదస్సు అయిపోయాక సైదమ్మ నన్ను పక్కకు పిలిచింది. అటెండరు ద్వారా ఫైలు సంగతి ఆమె దాకా పోయింది.

"ఎండ లెక్క తప్పని రాసిండ్రట గద సారూ? ఇగ మమ్ముల మల్ల పన్నెండు దాక తవ్వమంటరా?"

తప్పు అంకె తప్పే, ఎవరికి లాభమైనా సరే అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను, అది నా గుణం.

"అట్లనే గానీ, రేపు పదకొండింటికి జర చెరువు కాడికి రాండ్రి. మేముండే కాడ కొల్చి రాసుకోండ్రి."

ఆఫీసు థర్మామీటరును తువ్వాలులో చుట్టుకుని వెళ్లాను. ఉష్ణోగ్రత నీడలోనే కొలవాలి, అది పద్ధతి. ఆ చెరువులో కనుచూపు మేర నీడ లేదు. ఎక్కడ పెట్టాలో తెలియక తిరుగుతుంటే, పని తొమ్మిదింటికే అయిపోయినా నా కోసం ఆగిన నలుగురు ఆడవాళ్లు నవ్వుకుంటూ ఒక పాత చీర నాలుగు కొసలు పట్టుకుని నా మీద పందిరి వేశారు. పావుగంట ఆగి చూశాను. రెండు ఏసీలు ఊదితే యంత్రం చూపిన అంకె ఎంతో, ఇక్కడా అంతే, ఇంకో అర డిగ్రీ పైనే. నమ్మబుద్ధి కాక మళ్లీ కొలిచాను. అదే అంకె.

"మీరు నీడల కొలుస్తరు సారూ. మేం నీడల తవ్వుతలేం గద," అంది సైదమ్మ. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ అంకెను కూడా రాసి ఫైలులో చేర్చాను. తహసీల్దారు గారి దగ్గరికి మాత్రం మాట్లాడడానికి వెళ్లలేదు. వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి. వరండాలో ఎదురైనప్పుడు "మీతోని ఏదో మాట్లాడాలె గద నర్సింహులు గారూ?" అని ఆయనే అడిగారు. తొందరేం లేదు సార్ అన్నాను. తప్పని తెలిసీ ఒక అంకెను పైకి పోనివ్వడం నా సర్వీసులో అదొక్కసారే. జూన్‌లో తొలి వాన పడి చెరువు పని ఆగిపోయిన మర్నాడు వెళ్లి మాట్లాడాను. యంత్రాన్ని బడి మైదానానికి మార్చారు. చెరువులో కొలిచిన అంకె మాత్రం పైనుంచి వెనక్కొచ్చింది. "కొలిచిన స్థలం నియమావళిలో లేదు" అని రాసి ఉంది.

ఆ రోజు సూర్యాపేటలో బస్సు దిగి ఇంటికి నడుస్తూ, మా సొంత ఏసీ పెట్టె ఎటు ఊదుతోందో మొదటిసారి చూశాను. కింద ఇస్త్రీ బండి ఆమె మీదికి. దాన్ని బిగించి ఎనిమిదేళ్లయింది. డాబా మీదికి మార్పించాను. ఆమె ఏమీ అనలేదు. ఆ ఎనిమిదేళ్లూ కూడా ఏమీ అనలేదు.

జనవరిలో రిటైరయ్యాను. ఏప్రిల్‌లో సైదమ్మ ఫోన్ చేసింది. మంచిచెడ్డలు అడిగాక, "సారూ, ఈయేడు మా మండలంల ఎండ తగ్గిందట గద. పన్నెండు దాక తవ్వుతున్నం," అంది.

ఆ ఉద్యోగం నాకు నేర్పింది ఇంతే. యంత్రాన్ని ఎక్కడ నిలపాలో నియమావళిలో మూడు పేజీలు ఉన్నాయి. ఎవరి కోసం కొలుస్తున్నామో ఒక్క వాక్యం కూడా లేదు.