మూడు విమానాలు, ఒక పసుపు కొమ్ము

పెళ్లికి తాళి వేళకు అందకుండా మూడు విమానాశ్రయాల మీదుగా పకడ్బందీగా పథకం వేసిన మనిషిని, నాకు తెలిసి, నేనొక్కదాన్నే. అప్పటికి లెక్కల టీచరుగా రిటైరై నాలుగు నెలలు. తప్పులు దిద్దడానికి పిల్లలు దొరక్క చేతులు దురద పెడుతున్న కాలం.

నాగపూరులో మా చెల్లెలి కూతురి పెళ్లి. ముహూర్తం ఉదయం ఏడు గంటల పన్నెండు నిమిషాలకు. పుట్టింటి తాళి పెద్దమ్మగా నేనే తేవాలి. నెల్లూరు నుంచి నేరుగా రైలుంది. అయినా, అందరం ఒకే దారిన పోతే అందరం ఒకేసారి చిక్కుకుంటాం కదా! అందుకని తాళితో నేను తిరుపతి నుంచి, పెళ్లిచీరతో మా ఆయన చెన్నై నుంచి, మధుపర్కాలతో మా మరిది విజయవాడ నుంచి ఎగరాలి. హైదరాబాదులో విమానం మారాలి.

మరిది భార్య రమణమ్మ ఒప్పుకోలేదు. "గాల్లో నాకు కళ్లు తిరుగుతాయక్కా. రైల్లో పోతా."

"పో పో, విస్తళ్లు ఎత్తే వేళకు చేరతావులే!" అన్నాను. ఈ మాట గుర్తుంచుకోండి. ఆవిడ ఇంకా మరచిపోలేదు.

పెళ్లి ముందురోజు హైదరాబాదులో ముగ్గురం అనుకున్న వేళకే కలిశాం. నేను నూనెలో పూరీలా పొంగాను. అంతలో బోర్డు మీద 'ఆలస్యం' అని పడింది. కౌంటరులో అమ్మాయిని నిలదీశాను.

"ఏందమ్మా, బయట వడియాలు ఎండేంత ఎండ కాస్తా ఉంటే ఆలస్యం ఏంది?"

"మీ విమానం ఢిల్లీ నుంచి రావాలండీ. అక్కడ పొగమంచు."

"మేం ఢిల్లీ పోవడం లేదే! నాగపూరు పోతా ఉండాం."

"అది ఇక్కడికొస్తేనే కదండీ మిమ్మల్ని తీసుకెళ్లేది?"

"పోనీ, మాలో ఒక్కరినైనా వేరే విమానంలో పంపు."

ఆ అమ్మాయి మూడు టికెట్లూ పక్కపక్కన పరిచింది. "ఇక్కణ్ణుంచి ముగ్గురిదీ ఒకటే విమానం మేడమ్."

మరిది నెత్తి కొట్టుకున్నాడు. "మూడు కాలవలు తవ్వి ఒకే తూముకి కలిపినావే వదినా!"

"గూడూరు జంక్షన్లో రైలాగితే తిరుపతి బండీ ఆగుతుంది, మద్రాసు బండీ ఆగుతుందని పిల్లకాయలకు చెప్పినదానివే గదా!" అన్నారు మా ఆయన.

తాడిని తన్నేవాడి తలదన్నేవాడు ఉంటాడంటారు. నా తలదన్నడానికి ఢిల్లీ పొగమంచు చాలింది. "ఇంకో గంట" అని గంటకోసారి చెప్పారు. పెళ్లిపందిట్లో కాలు పెట్టేసరికి మర్నాడు ఉదయం తొమ్మిది గంటల ఐదు నిమిషాలు. విస్తళ్లు ఎత్తుతున్నారు.

పెళ్లికూతురి మెడలో పసుపుతాడు, దానికి పుట్టింటి తాళి బదులు పసుపు కొమ్ము. రమణమ్మ సంచిలోదేనట. పిల్ల పకపకా నవ్వుతూ నా కాళ్లకు దణ్ణం పెట్టింది.

"దిగులు పడబాకక్కా," అంది రమణమ్మ, "నీకొక విస్తరి ఎత్తకుండా ఉంచినా."

మా నెల్లూరు ఏరు పెన్నమ్మ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ప్రయాణమంటే బయలుదేరే దారులు కాదు, అవి కలిసే చోటు చూస్తాను. ఏ పెళ్లికైనా బంగారు తాళి నా దగ్గరే ఉంటుంది. పసుపు కొమ్ము మాత్రం రమణమ్మతో రైల్లో పోతుంది.