చిట్టి గొంతు, మామ్మ వసకొమ్ము

మా చిన్నప్పుడు... ఆకివీడులో మా ఇంట్లో పొద్దున్నే వినిపించేది సానరాయి మీద వసకొమ్ము అరగదీసే చప్పుడు. మా మామ్మ ఆ గంధాన్ని తేనెలో కలిపి మా చెల్లి చిట్టి నాలుక మీద రాసేది. వస రాస్తే పసివాళ్ళకి మాట తేటపడుతుందని మా అందరి నమ్మకం...

నాకూ పసితనంలో రాసిందట. అందుకే వీధిలో అందరూ నన్ను వసపిట్ట అనేవారు. చిట్టికి మాత్రం మూడేళ్ళు వచ్చినా గొంతు బొంగురే. "కొల్లేటి గాలి పడలేదండీ, అదే సర్దుకుంటుంది" అనేది మామ్మ, అడిగినవాళ్ళతో. డాక్టరుకి చూపిద్దామని అమ్మ అంటే, "ఇంకొన్నాళ్ళు రాయనీవే" అని ఆపేసేది.

మధ్యాహ్నం పడుకుంటే చిట్టి ఊపిరి కుయ్ కుయ్ మనేది. దాని గొంతులో పిల్లిపిల్ల ఉందని నేను నవ్వేదాన్ని...

ఒకరోజు చిట్టి వీధిలో ఆడుతూ ఆడుతూ కూలబడిపోయింది. ఊపిరి పీల్చినప్పుడల్లా గొంతు కింద గుంట పడుతోంది. పెదాలు నీలంగా అయిపోయాయి. నాన్న కారు మాట్లాడి ఏలూరు తీసుకెళ్ళారు.

గొంతులో పులిపిర్లలాంటి కండలట. "కేన్సర్ కాదండీ, భయపడకండి. చాలా అరుదుగా వస్తాయి. కానీ గాలి వెళ్ళే దారికి అడ్డం పెరిగాయి" అన్నారు డాక్టరుగారు. "ఎన్నాళ్ళనుంచి ఉందమ్మా ఈ బొంగురు?"

అమ్మ మామ్మ వైపు చూసింది. "తప్పు నాదేనండీ... వస రాస్తే పోతుందనుకున్నాను" అంది మామ్మ. ఆయన పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బావుండేది.

తీసేసినా ఆ కండలు మళ్ళీ మళ్ళీ పెరిగాయి. మళ్ళీ మళ్ళీ ఆపరేషన్లు. చిట్టి పెద్దయ్యేసరికి ఆగాయి గానీ, గొంతు అలాగే ఉండిపోయింది. అది "మామ్మా" అని పిలిచినప్పుడల్లా ఆవిడ తల దించుకునేది. నేనూ అంతే... ఎంత గలగలా మాట్లాడుతున్నా, చిట్టి రాగానే ఇప్పటికీ గొంతు తగ్గించేస్తాను.

నాకు పాప పుట్టినప్పుడు ఆ పాత సానరాయి వెతికి తెచ్చింది చిట్టే. "నీ చేత్తోనే రాయి మామ్మా" అంది ఆ బొంగురు గొంతుతోనే. మామ్మ సానరాయి పక్కకి జరిపేసి, పాప మెడ దగ్గర చెవి ఆనించి చాలాసేపు ఊపిరి వింది. "శుభ్రంగానే ఉందే..." అని చిట్టి చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది.

ఇప్పుడు మామ్మ లేదు. వస రాసే ఇళ్ళూ తగ్గిపోయాయి. ఆ అరగదీసే చప్పుడు తలుచుకుంటే ఇష్టంగానూ ఉంటుంది, తప్పు చేసినట్టూ ఉంటుంది...

మీ ఇంట్లో వస ఎవరు రాసేవారండీ? చెప్పండి, వినాలనుంది. కానీ పసివాళ్ళ గొంతు బొంగురు తగ్గకపోతే మాత్రం ఆగకండి... మేం ఆగాం.