కోరుట్ల విబియా

మస్కట్‌లో గోడలకు పాలరాళ్లు బిగించే పెద్దులుకు తన పేరంటేనే గిట్టదు. కంపెనీలో ఆ పేరుగలవాళ్లు ముగ్గురు. ఒకరిని పిలిస్తే సైట్ మీద మూడు తలలు లేస్తాయి. పెళ్లయిన ఏడేళ్లకు కోరుట్లలో కూతురు పుట్టిందని తెలిసిన పూటే పంతం పట్టాడు. చుట్టుపక్కల ఎవరికీ లేని పేరు పెట్టాలి.

ఆ వారం మస్కట్‌లోనే ఖురం అనే పేటలో ఒక ఇటలీ వంటల హోటల్ గోడకు, వింత రాత చెక్కిన పలక బిగిస్తున్నారు.

“ఏం రాసిండ్రు సారూ?” అనడిగాడు పెద్దులు, ఇంజనీరు సాయి కిరణ్‌ని.

సాయి కిరణ్ పలకతో వచ్చిన చీటీ చూశాడు. “ఆస్కన్ అని, ఇటలీలో ఎప్పుడో పోయిన భాషంట పెద్దులన్నా. రెండు వేల ఏళ్ల పైమాట. ఇదుగో, ఇది ఒకావిడ పేరు. విబియా.”

ఇక చూడండి, పెద్దులు కాళ్లు నేల మీద నిలిస్తే ఒట్టు! రూమ్‌లో అందరికీ హల్వా పంచాడు. పేరు పెట్టే హక్కు మేనత్తది కాబట్టి అక్క యాదవ్వకు ఫోన్‌లోనే పలకడం నేర్పాడు. ఇరవై ఒకటో నాడు పిల్లను తొట్టెలలో వేసి, వాడకట్టంతా వినేలా ఆవిడ ముమ్మారు పిలిచేసింది.

తర్వాత హోటల్ తెరిచిన రోజు, ఇటలీ నుంచి వచ్చిన పెద్దాయన ఒకాయన ఆ పలక చదివి పడీ పడీ నవ్వాడు. సాయి కిరణ్ కూడా నవ్వుతూనే వచ్చాడు.

“అది శాపమంట పెద్దులన్నా. పాకిస్ అనేవాడికి ఆకలి తీరకూడదని విబియా పెట్టిన శాపం. మనం తీసుకొచ్చి అన్నం పెట్టే చోట తగిలించాం.”

పెద్దులు నవ్వబోయి ఆగిపోయాడు. లేకలేక పుట్టిన బిడ్డ నెత్తిన శాపనార్థాలు రుద్దాడు కదా! మేనత్త నోట వచ్చిన పేరు మారిస్తే అరిష్టమంటారు, ఉంచితే ఏం మూడుతుందో. హోటల్ మెట్ల మీద నిలబడి, అక్కకు ఫోన్ చేసి అంతా కక్కేశాడు.

యాదవ్వ తాపీగా విన్నది. “ఆడు ఆమెకేం అన్యాలం జేసిండురా?”

“తెల్వదక్కా. గట్టిదే జేసుంటడు.”

“మరి ఆమె తిట్టు తగిలిందా?”

పెద్దులు వెనక్కి తిరిగి గోడ మీది పలక వైపు చూశాడు. “రెండు వేల ఏండ్లాయె. ఆని పేరు ఇంకా ఆ తిట్లల్లనే ఉన్నది.”

“అయితె తగిలినట్టే గద. నోరున్నదాని పేరు, నా కోడలికి మంచిగుంటది. మార్చినవో, ఫస్టు నిన్నే తిడ్త.”

పెద్దులుకు నవ్వు ఆగలేదు. అక్కడే మెట్ల మీద కూలబడి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు.