బాపు మీసాలు, నా చేతులు

ఏడేళ్ల వయసులో వచ్చిన జ్వరం తగ్గేసరికి నాకు వినపడడం ఆగిపోయింది. మాటలు అప్పటికే వచ్చి ఉన్నాయి కాబట్టి అవి మిగిలాయి. వాటినైనా కాపాడుకోమని డాక్టరు అమ్మకు గట్టిగా చెప్పాడు. సైగలు అలవాటైతే ఇక నోరు తెరవదన్నాడట. అమ్మ ఆ మాటను మనసులో రాసిపెట్టుకుంది. మాకు అయిదు బర్రెలు, పాల వ్యాపారం. ఏదైనా చెప్పబోతూ నేను చెయ్యి లేపితే చాలు, అమ్మ నా రెండు చేతుల్లో రెండు పాల చెంబులు పెట్టేది. "ఇగ చెప్పు" అనేది. అలా చెంబులు మోస్తూ మాట నిలబెట్టుకున్నాను.

ఎదుటివాళ్ల మాటలు పెదవులు చూసి పట్టుకునేదాన్ని. హైదరాబాద్ పాతబస్తీలో, మా జహనుమాలో అదంత తేలిక కాదు. ఒకరు తెలుగులో మొదలుపెట్టి ఉర్దూలో ముగిస్తారు, ఇంకొకరి నోటినిండా పాన్. పైగా పాప, మామ, బాబ, మూడూ పెదవుల మీద ఒకటే. పక్కింటామె ఒకసారి మా అక్క బిడ్డ గురించి "పాప లేచిందా?" అని అడిగితే, "ఎప్పుడో లేచి డ్యూటీకి పోయిండు" అని మా మేనమామ సంగతి చెప్పాను. పాలు పోయించుకునే ఇళ్లలో ఒక బురఖా ఆమె మాత్రం నేను వెళ్లగానే గుమ్మం లోపలికి జరిగి, ముసుగు పైకెత్తి, "ఆధా లీటర్, బేటీ" అని నిదానంగా చెప్పేది. ఆమె మాట నాకు ఎన్నడూ తప్పిపోలేదు.

ఎప్పుడూ తప్పిపోయేది మా బాపు మాట. ఆయన మీసాలు పై పెదవిని దాటి కింది పెదవి మీదికి దిగేవి. ఆయన మాట్లాడుతుంటే మీసాలు కదలడం తప్ప నాకేమీ కనిపించేది కాదు. ఆ మీసాలు తీయమనే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు. అందుకే ఆయన ఏమన్నా అమ్మే చెప్పేది. "మీ బాపు ఏమంటుండంటే..." అని మొదలుపెట్టేది. పన్నెండేళ్లు మా తండ్రీకూతుళ్ల మాటలన్నీ అమ్మ నోటి మీదుగానే నడిచాయి.

డెబ్బైల మొదట్లో, నాకు పంతొమ్మిదేళ్లప్పుడు, తవుడు కొనడానికి బాపుతో ఉస్మాన్‌గంజ్ వెళ్లాను. ఆయన దుకాణంలోకి వెళ్లాడు, నేను బయట సంచుల దగ్గర నిలబడ్డాను. రోడ్డంతా లారీలు, తోపుడు బండ్లు, నోళ్లు బార్లా తెరిచి అరుచుకునే మనుషులు. ఎవరి మాటా ఎవరికీ అందుతున్నట్టు లేదు. ఆ గందరగోళానికి ఇవతల, మోచేతికి టిఫిన్ క్యారియర్ తగిలించుకుని ఒకామె నిలబడింది. అవతల మేడ మీద గోదాములో ఒకాయన, చేతిలో గోనెసంచులు కుట్టే దబ్బనం. ఇద్దరూ చేతులతో మాట్లాడుకుంటున్నారు. నాకు ఒక్క సైగ రాదు, అయినా అంతా అర్థమైపోయింది. అన్నం మరిచిపోయి వచ్చాడని మొగుణ్ణి తిడుతోంది. నువ్వే కట్టలేదని ఆయన వాదిస్తున్నాడు. మరి ఇదేంటని ఆమె క్యారియర్ ఎత్తి ఊపింది. ఆయన దబ్బనం పక్కన పెట్టి, రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు.

నేను పకపకా నవ్వాను. పైనుంచి ఆయన నన్ను చూపించాడు. ఆమె చటుక్కున తిరిగి నావైపు చూసి, తన చెవి చూపించి, నన్ను చూపించింది. నేను తలూపాను. ఆమె ఒక్క అంగలో వచ్చి నన్ను కావలించుకుంది. క్యారియర్లో పప్పు నా ఓణీ మీద ఒలికింది. తుడుస్తూ ఇద్దరం ఒకటే నవ్వు. తను దర్జీ పని చేస్తుందట. కొంగు ముడి విప్పి, గుడ్డ మీద గీతలు గీసే సుద్దముక్క తీసి, మా తవుడు సంచి మీదే తన గల్లీ గుర్తులు రాసింది. "నయాపూల్. ఆదివారం రా." ఆ పిలుపు రిక్షాలో మా ఇంటిదాకా అందరికీ కనపడుతూనే వచ్చింది. ఎవరూ చదవలేదు.

కుట్టుపని నేర్చుకుంటానని అమ్మకు చెప్పి ఆదివారాలు వెళ్లడం మొదలుపెట్టాను. కుట్టు నిజంగానే నేర్చుకున్నాను. కానీ దర్జీ ఆమె గదిలో ఎనిమిది, పదిమంది చెవిటివాళ్లు చేరేవారు. అందరూ ఒకేసారి మాట్లాడేవారు. ఎవరి పెదవులూ చూసే పని లేదు. ఊహించి, తప్పు చెప్పి, సిగ్గుపడే పని లేదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నా వేళ్లు ఒళ్లోనే గంతులేసేవి.

రెండు నెలల తర్వాత ఒకరోజు, కుడితి తాగని బర్రెను చేతులతో తిడుతుంటే అమ్మ చూసింది.

"ఏంది పోరీ గది? నోరు పడిపోతదని డాక్టర్ సాబ్ చెప్పలేదా?"

ఏడుస్తూనే అంతా చెప్పేశాను. అమ్మా ఏడ్చింది. బాపు ఏదో అన్నాడు, మీసాలు కదిలాయి. అమ్మ కళ్లు తుడుచుకుని, "మీ బాపు ఏమంటుండంటే, ఈసారి తను గూడ వస్తడట. జూసినంకనే మాట" అంది.

ఆ ఆదివారం బాపు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. గదిలో అందరూ లేచి కుర్చీ వేశారు. ఆయన మాట్లాడడం మొదలుపెట్టాడు. ఎవరూ పలకకపోయేసరికి గొంతు పెంచినట్టున్నాడు, మెడ నరాలు ఉబ్బాయి. ఏమంటున్నాడని దర్జీ ఆమె నన్ను అడిగింది. నాకూ తెలియదని, నా చెవులు పోయినప్పటి నుంచి ఆ మీసాలు అడ్డమేనని సైగ చేశాను. ముక్కు కింద చీపురు పెట్టుకున్నట్టు ఆమె వేళ్లు ఆడించింది. గది గదంతా కదిలిపోయేలా నవ్వారు. నవ్వని వాడు బాపు ఒక్కడే. అర్థంకాక ఒక్కో ముఖమూ చూస్తున్నాడు. అందరూ నవ్వుతుంటే నేను అలా చూసిన సందర్భాలు ఎన్నో గుర్తొచ్చాయి.

ఆయన వాళ్లను చూపించి, తనను చూపించుకుని, కనుబొమ్మలు ఎగరేశాడు. పెదవులు చూడకుండానే నాకు అర్థమైంది.

"నీ మీసాల గురించే, బాపూ. చీపురు అంటున్నరు. జవాబు చెప్పు, చేతులతోటి చెప్పు."

బాపు కుర్చీలోంచి లేచాడు. రెండు పిడికిళ్లు తల పక్కన కొమ్ముల్లా పెట్టాడు. మా బర్రె ఒకటి తాడు తెంపుకుని పెండ్లి ఊరేగింపులో దూరిన కథ అది. ఆయనే బర్రె అయ్యాడు, ఆయనే బ్యాండువాడయ్యాడు. గుర్రం మీది పెళ్లికొడుకు మెడలోని పూలదండను బర్రె ఎలా లాక్కుని నమిలిందో, తను తోక పట్టుకుని గల్లీ పొడుగునా ఎలా ఈడ్చుకుపోబడ్డాడో ఆడి చూపించాడు. గోనెసంచులు కుట్టే ఆయన నవ్వలేక గోడకు ఆనుకున్నాడు. ఆ కథ అంతకుముందు అమ్మ నాకు రెండు ముక్కల్లో చెప్పింది. బాపు దగ్గర నేరుగా విన్నది అదే మొదటిసారి.

తిరుగుదారిలో బాపు చేతులు ఆగలేదు. పాలకు సైగ ఏది, నీళ్లకు ఏది అని అడుగుతూ, నయాపూల్ వంతెన మీద గాలిలో పాలు పితుకుతూ నడిచాడు. వంతెన మధ్యలో ఆగి, చెవి చూపించి, తల చూపించి, నన్ను చూపించాడు. ఏ చప్పుడు గుర్తుందని అడిగాడు.

"నీ గొంతే, బాపూ. పొద్దుగాల పాలు పాలు అని ఒర్లేటోనివి."

ఆయన మీసాలు తుడుచుకున్నాడు, కళ్లు కూడా.

ఆ తర్వాత అమ్మకు కొత్త ఫికరు పట్టుకుంది. అన్నాల దగ్గర నేనూ బాపూ చేతులాడించి నవ్వుకుంటుంటే పళ్లెం నెట్టేసి, "నా ముంగట్నే నా మీద ఏం చెప్పుకుంటున్నరు?" అనేది. నా మాట పోలేదు సరికదా ఎక్కువైంది. అమ్మతో నోటితో, బాపుతో చేతులతో, వచ్చినవాళ్లకు ఏది కుదిరితే దానితో మాట్లాడాను. అయినా అమ్మ ఊరుకోలేదు. నెల తిరక్కుండా చాటుగా బాపు దగ్గరే నేర్చుకుంది.

అది ఒక పండుగ ముందు, కిక్కిరిసిన బస్సులో బయటపడింది. నేను వెనక ఇరుక్కున్నాను, అమ్మ ముందుంది. అందరి తలల మీదుగా ఆమె రెండు చేతులు పైకి లేచాయి. సీటు దొరికింది, తొందరగా రమ్మంటోంది. కనీసం ఆమె చెప్పాలనుకున్నది అదే. నేర్పింది బాపు కాబట్టి, అందులో సగం బర్రెలను తోలే సైగలు.