కాలువలోకి కడగమన్న దానా

ఈ రోజు మా ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో దానా బస్తా ఒకటి చిరిగింది. బకెట్లు, మగ్గులు తయారుచేసే ఆ తెల్లటి ప్లాస్టిక్ గింజలు నేలంతా దొర్లాయి. ఎప్పటిలాగే పైపు పెట్టి కాలువలోకి కడిగేయమన్నాను. ఊడ్చే యాదమ్మ ముందు కాలువ నోటికి దోమతెర ముక్క అడ్డం కట్టింది.

"ఎందుకంత శ్రమ యాదమ్మా?"

"గివి వాగుల పడ్తయి. వాగు మంజీరల, మంజీర గోదావరిల కలుస్తది. ఆఖరికి మీ ఊరి సముద్రంలకే గద సార్ పోయేది?"

మొన్న సెలవుల్లో మా ఊరి ఒడ్డున మా పాప ఇసుకలోంచి ఇలాంటి గింజలే ఏరి చూపిస్తే, పారబోసినవాణ్ణి అరగంట తిట్టాను.

వాడెవడో ఇవాళ తెలిసింది. మీరూ నాలుగు తిట్లు కామెంట్లో వేసి పోండి.