సగం వాక్యాల మాస్టారు

ఇంగ్లీషు మాస్టారు ఏ వాక్యాన్నీ పూర్తి చేయరు. సగం చెప్పి ఆగిపోతారు. మిగతా సగం ఎదుటివాళ్ళ నోట్లోంచి ఊడిపడేదాకా కళ్ళజోడు పైనుంచి చూస్తూ నిలబడతారు.

"నేను బస్సు దిగగానే..." అంటారు కండక్టరుతో. "నేను రైట్ అంటాను. ముందు దిగండి," అంటాడు కండక్టరు. ఒకసారి మంగలి కుర్చీలో కూర్చుని, "కత్తెర చెవి దగ్గరికి వచ్చేలోపు..." అని ఊరుకున్నారు. ఆ మిగతా సగం ఏమిటా అని మంగలి ఆలోచనలో పడ్డాడు. క్రాఫు కూడా ఒకవైపే అయింది.

సాయంత్రాలు మేడమీద గదిలో పెద్దవాళ్ళకు క్లాసు. దర్జీ, నర్సు, ఒక ఆఫీసులో లిఫ్టు నడిపే అతను, ఇంకొందరు. ఆ నెలంతా పాఠం, జరగబోయేదాన్ని ఇంగ్లీషులో చెప్పే వాక్యాలు.

"రేపటి మాటే అయినా 'వెన్' ఉన్న గదిలోకి 'విల్' రాకూడదు. రెండూ అత్తాకోడళ్ళు. చెరో గదిలో ఉంటేనే వాక్యానికి శాంతి," అని మాస్టారు రబ్బరు బంతి విసిరేవారు. "వెన్ ఐ గెట్ హోమ్..."

బంతి పట్టుకున్న దర్జీ, "ఐ విల్ స్లీప్," అన్నాడు.

"అంత అలసటా?"

"కాదండీ. అంతకంటే పొడుగు వాక్యం రాదు."

"యాజ్ సూన్ యాజ్ ది డాక్టర్ కమ్స్..."

"వుయ్ విల్ స్టాప్ లాఫింగ్," అంది నర్సు.

లిఫ్టతనికి నత్తి. మొదటి మాట దగ్గర నాలుక మొండి ఎద్దులా కాళ్ళు తన్నిపెట్టేది. ఆ మొదటి మాట ఇంకొకరు అనేస్తే చాలు, మిగతా బండి దానంతటదే నడిచేది. "అన్‌టిల్ ది లిఫ్ట్ స్టాప్స్..." అని బంతి వస్తే, "నోబడీ విల్ గెట్ అవుట్," అని గడగడా అనేసేవాడు. ఈ ఆట తనకు కుదరడం తన అదృష్టమనుకున్నాడు. టీకొట్టు దగ్గర అందరితో కలిసి మాస్టారి సగం వాక్యాలకు తనూ నవ్వేవాడు.

ఒకరోజు మాస్టారు గొడుగు మరిచిపోయారు. లిఫ్టతను దాన్ని ఆయన ఇంటికి పట్టుకెళ్ళాడు. మాస్టారు ఇంకా ఇల్లు చేరలేదు. ఆయన భార్య తలుపు తీసింది.

"ఆ మనిషితో వేగలేకపోతున్నాను నాయనా. పొద్దున 'పాలు పొంగేలోపు...' అని ఆగారు. ఆ మిగతాది నేను ఆలోచించేసరికి పాలు పొయ్యిపాలు."

"ఎ... ఎప్ప..."

"ఎప్పటినుంచనా? ఈ క్లాసు మొదలైనప్పటినుంచే. అంతకుముందు ఎవరినీ నోరెత్తనిచ్చేవారు కాదు. క్లాసులో ఎవరికో మొదటి మాట రాదట, అందిస్తే మాత్రం చక్కగా అల్లుకుపోతాడట. అతనొక్కడికే అందిస్తే చిన్నబుచ్చుకుంటాడని అందరికీ సగం సగం మొదలెట్టారు. క్లాసులో పొరపాటున పూర్తిచేసేస్తానేమోనని వీధిలోనూ, ఇంట్లోనూ అదే సాధన."

అంటూ ఆవిడ అతని మొహంలోకి చూసి ఆగింది. "నువ్వేనా?"

అతను తలూపాడు. గొడుగు మాత్రం ఇవ్వడం మరిచిపోయి చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు.

"అయితే త్వరగా మాట్లాడటం మొదలుపెట్టు బాబూ. మా ఇంట్లో పాలు నిలవడం లేదు."

మర్నాడు క్లాసులో మాస్టారు నోరు తెరిచేలోపే లిఫ్టతను లేచి ఆయన చేతిలోని బంతి తీసుకున్నాడు.

"వె... వె..."

ఎవరూ అందించలేదు. నర్సు గోళ్ళు చూసుకుంది. దర్జీ చొక్కా గుండీ ఊడిందేమోనని పరిశీలించాడు. లిఫ్టతని మెడ ఎర్రబడింది.

"వెన్... ఐ స్టార్ట్..." అని, బంతిని మాస్టారి వైపు విసిరాడు.

మాస్టారు పట్టుకోలేదు. బంతి కడుపుకు తగిలి కిందపడింది. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, "ఐ విల్ లిజన్," అన్నారు.

కానీ వినలేదు. సంతోషం పట్టలేక మొదలుపెట్టారు. ఈ మాట ఎంత బాగుందో, ఎందుకు బాగుందో, దీన్ని ఇంకెన్ని రకాలుగా చెప్పొచ్చో, ఊపిరి తీసుకోకుండా, ఒక్క వాక్యమూ సగంలో వదలకుండా చెప్పుకుపోయారు. లిఫ్టతనికి చెప్పవలసిన వాక్యాలు ఇంకో రెండు సిద్ధంగా ఉన్నాయి. దూరడానికి సందు దొరకలేదు.

చివరికి చెయ్యెత్తాడు.

"మా... మాస్టారూ, నన్నూ కాస్త మాట్లాడనివ్వండి."