పలికిందెవరు?

మా పక్కింటి డాక్టరు సారు పోయారని తెల్లవారుజామున దీపం పెడుతుండగా తెలిసింది. గోడ అవతలి నుంచి సారు భార్య "వదినా" అని ఒక్కసారే పిలిచారు. ఆ పిలుపులోనే నాకు అర్థమైంది.

మేడ్చల్‌లో సారు రాసిన మందులతో లేచి తిరిగినవాళ్లు చాలామంది ఉన్నారు. ఆయన గురించి నాకు తెలిసిన నాలుగు మాటలు రాస్తున్నాను.

మందుల కంపెనీల నుంచి మెడికల్ రెప్‌లు వస్తే సారు కూర్చోబెట్టి చాయ్ ఇప్పించేవారు. వాళ్లు తెచ్చే పెన్నులు, గడియారాలు వద్దనేవారు కాదు. "వాపస్ జేస్తే పైన మేనేజరు వీళ్లనే తిడ్తడు" అనేవారు. కానీ ఒక్కటీ వాడలేదు. అన్నిటినీ దవాఖాన వెనక గదిలో, వాటి మీది మందుల పేర్లు గోడవైపు తిప్పి పెట్టేవారు. తలుపు మూసినా లోపల గడియారాలన్నీ కలిసి కొట్టుకోవడం వినిపించేది. అదేం చప్పుడని ఒకసారి భయపడి అడిగాను.

"అవి ముచ్చట పెడ్తయి తల్లీ. మనం ఇనొద్దు" అన్నారు. నవ్వలేదు.

మా అక్క కూతురు నా దగ్గరే ఉండి డాక్టరు చదువు చదివింది. ఆదివారాలు స్నేహితులతో సారు దగ్గర కూర్చునేది. వాళ్లు తినడానికి నేను సర్వపిండి పట్టుకెళ్లేదాన్ని. ఒకరోజు ఆ గదిని చూసి పిల్లలు నవ్వారు.

"ఒక్క పెన్నుకే అమ్ముడువోతమా సార్? మా ఇజ్జత్ గంత చవుకైందా?" అంది ఒకమ్మాయి.

"వాళ్లు మీటింగులు పెట్టకుంటే కొత్త మందుల సంగతి మాకెట్ల తెలుస్తది?" అన్నాడు ఇంకొకతను.

"ఏం రాయాల్నో మాకు తెల్వదా సార్, గింత సదివినం!" అంది మా పిల్ల.

సారు వాదించలేదు. "కండ్లు మూసుకోండ్రి. కడుపుల మంటని ఒకామె వచ్చింది. ఏం మందు రాస్తరు? అందరొక్కసారే చెప్పుండ్రి" అన్నారు.

అందరి నోటా ఒకే పేరు వచ్చింది. మందు అసలు పేరు కాదది, ఒక కంపెనీ పెట్టుకున్న పేరు. అంతమంది గొంతులు కలిసి ఎవరిదో ఒక్క గొంతు అయినట్టుంది. కళ్లు తెరిచాక పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. మా పిల్ల ఒళ్లోని పెన్ను మీద అదే పేరుంది.

సారు నావైపు తిరిగారు. "బోనాలప్పుడు పూనకమొచ్చినామెను ఏమడుగుతరు తల్లీ?"

"పలుకుతున్నదెవరమ్మా అని అడుగుతం సార్."

"గదే. రాసే ముంగట మిమ్ముల మీరు గదే అడుగుండ్రి."

అంతవరకు ఆ పిల్ల డాక్టరైతే చాలని మొక్కేదాన్ని. ఆ రోజు నుంచి, దాని నోట్లో దాని మాటే ఉండనియ్యి తండ్రీ అని కూడా మొక్కుతున్నాను.

మొన్న దినాలయ్యాక రావల్కోల్ నుంచి ఒక అవ్వ దవాఖానకు వచ్చింది. సారు పోయిన సంగతి ఆమెకు తెలియదు. విని, అరుగు మీద కూలబడి ఏడ్చింది. కడుపులో మంటగా ఉందట. సారు భార్య మా పిల్లను పిలిచి, "నువ్వు డాక్టరమ్మవే గద బిడ్డా, సూడు" అన్నారు. మా పిల్ల సారు కుర్చీలో ఒక అంచున కూర్చుంది. అవ్వను చూసి, కాగితం మీద రాయబోయింది. ఆనాటి కంపెనీ పేరులోని మొదటి రెండక్షరాలు పడ్డాయి. పెన్ను ఆగిపోయింది. చటుక్కున తల తిప్పి నన్ను చూసింది.

"చిన్నమ్మా, నువ్వేమన్న అడిగినవా?"

నేను నోరు విప్పలేదు. అవ్వా విప్పలేదు. వెనక గదిలో గడియారాలు మాత్రం కొట్టుకుంటున్నాయి.

మా పిల్ల ఆ రెండక్షరాలూ కొట్టేసింది. తర్వాత ఒక్కో అక్షరాన్నీ తనే పలుక్కుంటూ, మెల్లగా, మందు అసలు పేరు రాసింది.